ఒంటికాలి మీద మనిషి

సోమవారం

కార్డులమ్మ గారికి,

నమస్కారం. ఇక్కడ మేమంతా బాగున్నాం. అంత బాగుంటే నాకెందుకు రాస్తావని మీరు అడగవచ్చు. బాగాలేని ఒక్క సంగతి కోసమే రాస్తున్నాను.

వారపత్రిక చివరి పేజీలో మీ ప్రకటన చూశాను. 'ఒక ప్రశ్న, ఒక టారో కార్డు, ఒక జవాబు. తిరుగు కవరు జతచేయండి' అని ఉంది. ఇలాంటివి నమ్మేవాణ్ణి కాను. కానీ నేను నమ్మేవాళ్లందరినీ అడిగి చూశాను. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పి నా తల తినేశారు.

మాకు ఒక్కతే అమ్మాయి. ఇరవై ఒకటి నిండాయి. నేను చేసే పనే తనూ చేస్తానని పట్టుబట్టింది. నాకు తెలియకుండా శిక్షణ కూడా పూర్తి చేసింది. మా కంపెనీలో ఒక నియమం ఉంది. కొత్తవాళ్లు మొదటిసారి పనిలోకి దిగేటప్పుడు పాతవాడొకడు పక్కనుండి, కాగితం మీద సంతకం పెట్టాలి. తండ్రి ఉండగా మేం పెట్టడమేంటని మిగతావాళ్లు తప్పుకున్నారు. నేను పెట్టనన్నాను. పన్నెండు రోజులుగా అమ్మాయికీ నాకూ మాటల్లేవు. ఏం కావాలన్నా చీటీ రాసి బీరువా తలుపుకి అంటిస్తోంది. నిన్నటి చీటీలో 'పళ్లపొడి అయిపోయింది. సంతకం ఇంకా కాలేదు' అని ఉంది.

ఆ పని ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. కార్డు చూసి మనిషి భవిష్యత్తు చెప్పేవారికి మనిషి ఉద్యోగం తెలియకుండా ఉంటుందా? ఇరవై ఆరేళ్లుగా అందులో ఉన్నాను. ఎందుకు వద్దంటున్నానో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. సంతకం పెట్టాలా, వద్దా?

జవాబు కోసం కాచుకున్న
ఒక తండ్రి

తా.క.: తిరుగు కవరు మీద మా వీధి మూల టీ కొట్టు చిరునామా రాశాను. ఇంటికి వస్తే 'సంతకానికి రాని చెయ్యి ఉత్తరాలకి బాగానే వస్తోందే' అని ఇంకో చీటీ పడుతుంది.


గురువారం

అమ్మాయి తండ్రిగారికి,

దీవెనలు. మీ ప్రశ్న మూడుసార్లు చదివి, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి కార్డు తీశాను. తీయగానే ఒళ్లు ఝల్లుమంది. ఇంతకంటే మంచి కార్డు నేను చూడలేదు. కార్బన్ కాగితం పెట్టి బొమ్మ దించి పంపుతున్నాను. దాన్ని ముందు పెట్టుకుని ఇది చదవండి.

ఒక మనిషి ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండో కాలు మడిచి మొదటి కాలి వెనక్కి పెట్టాడు. చేతులు రెండూ వీపు వెనక ఉన్నాయి, అంటే దేన్నీ పట్టుకోవాల్సిన పని లేనివాడన్నమాట. తల చుట్టూ వెలుగు. ముఖం చూడండి. భయం మచ్చుకైనా లేదు. నేలను మరిచిపోయిన ఆనందం అది.

మీ అమ్మాయికి ఈ పని అలాంటిదే. అందులోకి దిగాక నేల మరిచిపోతుంది. వందమంది తలెత్తి చూస్తారు. ఇంతకంటే విడమరచి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. అడ్డం నిలబడకండి.

మీ మేలు కోరే
కార్డులమ్మ

తా.క.: బొమ్మ కింద రోమన్ అంకె తలకిందులుగా కనిపిస్తుంది. అది అచ్చు వేసినవాళ్ల నిర్వాకం. పట్టించుకోకండి.


మంగళవారం

మహానుభావురాలు కార్డులమ్మ గారికి,

వంగి వంగి నమస్కారాలు. నేనొక్క ముక్క చెప్పకుండానే మా పని కనిపెట్టేశారు. టీ కొట్టులో కవరు చింపి బొమ్మ చూడగానే గ్లాసు కింద పెట్టేశాను. దూలం, దూలానికి తాడు, తాడుకి మనిషి! ఇరవై ఆరేళ్లలో నా బతుకుని ఇంత ఉన్నదున్నట్టు గీసినవారు లేరు. కొట్టాయన వచ్చి 'ఒంట్లో బాగాలేదా?' అని అడిగాడు.

తలకిందులుగా వేలాడుతున్నవాణ్ణి పట్టుకుని మీరు 'నిలబడ్డాడు' అని రాశారు. ఆడపిల్ల తండ్రి తట్టుకోలేడని మెత్తగా చెప్పారు కాబోలు. మీ మంచి మనసు తలుచుకుంటే కళ్లు చెమరుస్తున్నాయి. కానీ నాకు అర్థమైంది. 'నేల మరిచిపోతుంది' అన్నారు. మా పనిలో నేల మరిచిపోయినవాడికి నేలే గుర్తు చేస్తుంది. 'వందమంది తలెత్తి చూస్తారు' అన్నారు. అలా చూసిన రోజొకటి ఉంది. ఆ రోజు పడ్డవాడు నా పక్క తాడువాడు. బతికాడు. కానీ ఇప్పటికీ కుర్చీ ఎక్కి బల్బు మార్చడు. ఆ సంగతి మా ఆవిడకి కూడా పూర్తిగా చెప్పలేదు. మీకెలా తెలిసింది?

కార్డు చెప్పాల్సింది చెప్పేసింది. సంతకం పెట్టను. మీరు చేసిన మేలు ఈ జన్మకి మరిచిపోను.

మీ శక్తికి నోరు తెరిచిన
అదే తండ్రి

తా.క.: బొమ్మను మా భద్రతాధికారికి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసి ఎనిమిది తప్పులు రాసిచ్చాడు. నడుం పట్టీ లేదు, హెల్మెట్ లేదు, రెండో తాడు లేదు, చీలమండకి ముడి వేయడం నిషిద్ధం, ఇలా ఏడు. ఎనిమిదోది, 'ఇంత ప్రమాదంలో ఉండి ప్రశాంతంగా కనిపించుట'. ఏ కంపెనీ మనిషో చెబితే వెంటనే పని ఆపించేస్తానని కూర్చున్నాడు. అడిగితే చెప్పకండి.


శుక్రవారం

తొందరపాటు తండ్రిగారికి,

దీవెనలు, కొంచెం తక్కువగా. నా బొమ్మను తలకిందులుగా పట్టుకుని నన్నే మెచ్చుకున్నవాళ్లను ఇదే చూడటం. నా మనిషి వేలాడటం లేదు. నాట్యం చేస్తున్నాడు. పదకొండేళ్లుగా నా గోడ మీద చేస్తూనే ఉన్నాడు. జుట్టు పైకి లేచి ఉండటం మీకు కనబడలేదా? వేలాడేవాడి జుట్టు కిందికి ఉంటుంది, ఆపాటి ఇంగితం నాకు లేదనుకున్నారా?

పోనీండి. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివేసరికి మీ పని ఏమిటో తెలిసిపోయింది. అంటే, ముందే తెలుసు, ఇప్పుడు ఇంకొంచెం తెలిసింది. తాడు, ఎత్తు, కింద తలెత్తి చూసే జనం, పక్క తాడువాడు. మీది సర్కస్!

నా ఎనిమిదో ఏట ఒక్కసారే సర్కస్ చూశాను. ఒకమ్మాయి తాడు మీద నడిచింది. సగం దారిలో ఆగి ఒక కాలు మడిచింది. గుడారంలో అంతమందిమీ ఊపిరి తీసుకోవడం మానేశాం. పల్లీలు అమ్ముకునేవాడు కూడా పొట్లం చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ నిశ్శబ్దం ఈ వయసులో కూడా నా చెవుల్లో ఉంది. అంతటి పనికి మీ అమ్మాయి పనికొస్తానంటే, కన్నతండ్రి అయ్యుండి కాలు అడ్డం పెడతారా? తీసుకెళ్లి దగ్గరుండి తాడెక్కించండి. మొదటి ఆట రోజు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టండి. ఆ హెల్మెట్ మాత్రం వద్దు, ముఖం కనబడదు.

కోపం తగ్గిన
కార్డులమ్మ

తా.క.: నేను ముప్పై ఏళ్లు కోట్లు కుట్టే దుకాణంలో పనిచేశాను. అమ్మాయి కొలతలు పంపండి, ఆట దుస్తులు నేనే కుట్టిస్తాను. గుడ్డ నమూనా జతచేశాను. గులాబీ రంగు, ఒళ్లంతా మెరుపులు.


బుధవారం

అక్కయ్యగారికి,

అమ్మా అని పిలుద్దామనుకున్నాను. కానీ ఇంత చనువుగా తిట్టేది అక్కలే కాబట్టి ఇలా మొదలుపెట్టాను.

మీ గులాబీ గుడ్డ నా చొక్కా జేబులో మా ఆవిడకి దొరికింది. 'ఎవరిది?' అంది. 'కార్డులమ్మది' అన్నాను. 'నీ జేబులో ఎందుకుంది?' అంది. 'మన అమ్మాయికి సర్కస్ బట్టలు కుట్టిస్తుందట' అన్నాను. నిజం ఇంత అబద్ధంలా వినిపిస్తుందని నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఇప్పుడు బీరువా తలుపు మీద ఇద్దరి చీటీలు ఉంటున్నాయి.

మాది సర్కస్ కాదక్కయ్యా. నేను పెద్ద మేడలకి బయటివైపు అద్దాలు తుడుస్తాను. పై కప్పు మీద ఇనుప దూలానికి తాళ్లు బిగించి, నడుముకి పట్టీ వేసుకుని, ఒక చేత్తో సబ్బు నీళ్ల కుంచె, ఒక చేత్తో ఆ నీళ్లు లాగేసే రబ్బరు పట్టీ పట్టుకుని అంతస్తు తర్వాత అంతస్తు దిగుతాం. ఇప్పుడు చేస్తున్న మేడకి నలభై రెండు అంతస్తులు. మీకు అన్నీ తెలుసనుకుని ముందే రాయలేదు. నాదే తప్పు.

రాయడం మొదలుపెట్టాను కాబట్టి ఎవరికీ చెప్పని మాటలు కూడా చెప్పేస్తాను. పొద్దున్నే పైకెక్కితే కొన్ని రోజులు మంచు మాకంటే కింద ఉంటుంది. ఊరు ఉండదు. నాలుగైదు మేడల తలలు తేలుతుంటాయి. ఆ తెల్లటి దానిలోంచి బస్సు హారను వినిపిస్తుంది, బస్సు కనిపించదు. ఒకసారి నా కాళ్ల కింద గద్ద తిరిగింది. అందరూ గద్ద పొట్ట చూసుంటారు. వీపు చూసినవాళ్లు ఎంతమంది ఉంటారక్కయ్యా? గోధుమ రంగు ఈకల మీద ఎండ పడి, అది అలా నిదానంగా తిరుగుతుంటే నేను సబ్బు నీళ్లు ఆరిపోయేదాకా తుడవడం మరిచిపోయాను. వాన రావడం కూడా చూస్తాం. మొదట ఆ చివర వీధి తడుస్తుంది, తర్వాత దాని ఇవతలి వీధి, తర్వాత మార్కెట్టు. మన దాకా వచ్చేలోపు దిగిపోవాలి, కానీ దిగబుద్ధి కాదు. కాన్పుల ఆసుపత్రి అద్దాలు తుడిచిన రోజు లోపల్నుంచి ఒకావిడ రెండు గంటల పసికందును ఎత్తి నాకు చూపించింది. ఆ బిడ్డ లోకంలో చూసిన పదో మనిషినో పదకొండో మనిషినో అయ్యుంటాను. గాలిలో ఉన్నాను, ఒంటినిండా సబ్బు.

ఇవేవీ ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మాయి వస్తానంటుందని భయం. చెప్పకపోయినా వస్తానంది. పక్క తాడు తెగిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. దాని తాడు పక్కన నిలబడి నేను ఆ చప్పుడు మళ్లీ వినలేను. వచ్చే వారం శుక్రవారం కాగితం గడువు ముగుస్తుంది. 'నిరాకరించడమైనది' అని రాసిచ్చేస్తాను.

మీ తమ్ముడిలాంటి
తాళ్లవాడు

తా.క.: మా గుంపులో పదిహేడుమందికి బొమ్మ చూపించాను. పదిహేడుమందీ వేలాడుతున్నాడనే అన్నారు. అంకె సరిగ్గా నిలబడేలా పట్టుకుంటే మనిషి వేలాడతాడు, మనిషి నిలబడేలా పట్టుకుంటే అంకె తిరగబడుతుంది. ఆ అచ్చువాణ్ణి ఒక్కసారి నమ్మి చూడకూడదా?


శనివారం

తమ్ముడికి,

మేకు పీకాను. కార్డు తిప్పాను. పదకొండేళ్లుగా నాట్యం చేసినవాడు వేలాడాడు. కుట్టుమిషను స్టూలు మీద కూలబడ్డాను.

నీ దగ్గర దాచి లాభం లేదు. టారో కార్డులు మొత్తం డెబ్భై ఎనిమిది ఉంటాయట. నా దగ్గర ఉన్నది ఒక్కటే. మిగతా డెబ్భై ఏడూ ఎవరి జేబులో ఉన్నాయో నాకు తెలియదు. ఇది మా దుకాణానికి అస్తరు మార్చడానికి వచ్చిన ఒక కోటు లోపలి జేబులో దొరికింది. కార్డు మీద పేరున్న అంచు అప్పటికే చిరిగిపోయింది. కోటాయన మళ్లీ రాలేదు. ఆయన వస్తే ఇద్దామని మిషను పైన గోడకి గుచ్చాను, మనిషన్నవాడు నిలబడే ఉంటాడు కదా అని అలా గుచ్చాను. కొలతలకి వచ్చినవాళ్లు 'ఇదేంటి?' అనేవాళ్లు. తోచింది చెప్పేదాన్ని. విప్పారిన ముఖాలతో వెళ్లేవాళ్లు. దుకాణం మానేశాక దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఊసుపోక పత్రికలో ప్రకటన వేశాను. కళ్లు మూసుకుని తీశానని నీకు రాసింది అబద్ధం కాదు. ఒక్క కార్డుకి కళ్లు మూస్తే ఎంత, తెరిస్తే ఎంత!

ఎంతమందికి నాట్యం చేయమని రాశానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఈ కార్డు దుకాణం మూసేస్తున్నాను. కార్డు మాట పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకు.

కానీ ఒక్క వింత నీకు చెప్పాలి. తిప్పాక పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దాన్నే చూశాను. వేలాడదీసినా ఆ ముఖం మారలేదు తమ్ముడూ. కాలికి ముడి ఉంది, చేతులు వెనకున్నాయి, లోకం తిరగబడింది, ఆ ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది. వెలుగు కూడా ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లూ ఎందుకు సంతోషంగా ఉన్నాడో నాకు తెలుసనుకున్నాను. ఇప్పుడు తెలియదు. వీడు ఏం చూస్తున్నాడు? నీ గద్ద వీపులాంటిదేదో చూస్తూ ఉండాలి. ఆ పేరా నేను పైకి చదువుకున్నాను.

జోస్యం చెప్పను, ఒకటి మాత్రం అడుగుతాను. నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ ముందేసుకుని వెతికాను. అమ్మాయి వస్తానంటోందని ఉంది. నువ్వు వద్దన్నావని ఉంది. ఎందుకు వస్తానంటోందో ఎక్కడా లేదు. అడిగావా?

తప్పు ఒప్పుకున్న
నీ అక్క

తా.క.: గులాబీ గుడ్డ గురించి మరదలికి విడిగా ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. 'నా వయసు అరవై ఎనిమిది, పైన పళ్లు కట్టుడువి' అని మొదటి వాక్యమే రాశాను. పనిచేస్తుంది.


ఆదివారం

అక్కయ్యకి,

మీ పళ్లు పనిచేశాయి. మా ఆవిడ నవ్వింది. ఎన్నడూ చూడని మీతో ముందు రాజీ పడి, తర్వాత నాతో పడింది.

మీరు అడిగింది చదివి తల దించుకున్నాను. అడగలేదక్కయ్యా. ఎందుకు వద్దో చెప్పడంలోనే రోజులు గడిచిపోయాయి. గురువారం పొద్దున బీరువా తలుపుకి నేనే చీటీ అంటించాను: 'ఎందుకు?' మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: 'సంతకం పెట్టు. పైన చెప్తా.' ఎవరి కూతురో మరి.

శుక్రవారం కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. భద్రతాధికారి కలం ఇచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. పెట్టేశాను. ధైర్యం వచ్చి కాదు. జవాబు తెలియకుండా బతకలేననిపించింది.

నిన్న ఇద్దరం దిగాం. దాని కొక్కేలు నేను మూడుసార్లు చూశాను, నావి అది నాలుగుసార్లు చూసింది. పిట్టగోడ దాటి ఖాళీలోకి అది కాలు పెట్టినప్పుడు మీ పల్లీలవాడిలా చేతిలోది అలాగే పట్టుకుని ఉండిపోయాను. అది తాడు మీద బరువు వేసి, ఒక కాలు గోడకి ఆనించి, ఒక కాలు మడిచి, చల్లగా నిలబడింది. వేలాడుతోందా, నిలబడిందా అని మీరడిగితే నేను చెప్పలేను. వాళ్లమ్మా నేనూ కలిసి ఈ పిల్లని తయారుచేశామంటే నమ్మకం కలగలేదు.

ముప్పై ఎనిమిదో అంతస్తు దగ్గర చూస్తే, అది తాడు చూడటం లేదు, అద్దం చూడటం లేదు, కిందికి చూడటం లేదు. నన్నే చూస్తోంది.

"ఏంటే అలా చూస్తావు? పని చూడు" అన్నాను.

"దీనికే వచ్చా నాన్నా" అంది.

అప్పుడు చెప్పింది. తొమ్మిదేళ్లప్పుడు పంటి నొప్పితో వాళ్లమ్మ దాన్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందట. పదకొండో అంతస్తు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉంటే కిటికీ బయట పైనుంచి ముందు రెండు బూట్లు దిగాయట, తర్వాత నేను. బయటి ఎండకి నాకు లోపలివాళ్లు కనబడలేదు. వాళ్లకి నేను కనబడ్డాను.

"నువ్వు నవ్వుతున్నావు నాన్నా. ఎవర్నీ చూసి కాదు, నీలో నువ్వే. అమ్మ కూడా చూసింది. 'మీ నాన్నేనంటావా?' అని నన్ను అడిగింది. సాయంత్రం నువ్వు ఇంటికొచ్చేసరికి ఆ నవ్వు లేదు. మర్నాడూ లేదు. పన్నెండేళ్లు చూశా. అక్కడే పైన వదిలేసి వస్తున్నావనుకున్నా. పక్కన నిలబడితేనే కనబడుతుందని వచ్చా."

నాలో నాకు తెలియని మనిషిని నా కూతురు పన్నెండేళ్లుగా వెతుక్కుంటోంది. ఆ ఎత్తులో, ఆ గాలిలో, నేను ఇరవై ఆరేళ్లలో చూసినవన్నీ కలిపినా ఆ మాటంత పెద్దవి కావు. "ఇప్పుడు నవ్వుతున్నానా?" అని అడిగాను.

"లేదు. ఏడుస్తున్నావు. తుడిచిన అద్దమే మళ్లీ తుడుస్తున్నావు" అంది.

ఇక అసలు సంగతి వినండి. తిన్నగా దిగి, కింద హెల్మెట్ తీసింది. లోపల ఒక కాగితం అంటించి ఉంది. కార్బన్ కాగితంతో దించిన బొమ్మ. ఒంటికాలి మీద మనిషి. పోయినేడు శిక్షణలో చేరాలా వద్దా అని మీకు రాసిందట. కార్డు తీసి, నాట్యం చేయమన్నది మీరే. మీ ఒక్క కార్డు మా ఇంటికి రెండుసార్లు వచ్చిందక్కయ్యా. దాన్ని ఎక్కించిందీ మీరే, నాతో సంతకం పెట్టించిందీ మీరే.

భయం పోలేదు. ఒక తాడుకుండేది రెండు తాళ్లకైంది. అయినా రేపు మళ్లీ వెళుతున్నాం. ఇరవై ఆరో అంతస్తు నుంచి కిందికి తుడవాల్సింది మిగిలి ఉంది.

మీ తమ్ముడు

తా.క.: దుకాణం మూయడానికి వీల్లేదు. మా పదిహేడుమంది ప్రశ్నలూ, భద్రతాధికారిదొకటి, తిరుగు కవర్లతో సహా పంపుతున్నాను. మీ దగ్గర ఒక్క కార్డే ఉందని అందరికీ చెప్పాను. అదే కావాలన్నారు.

ఇంకో తా.క.: ఇవాళ ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆ నవ్వు ఎలా ఉంటుందో తెచ్చుకుందామని చాలాసేపు చూశాను. రాలేదు. మా ఆవిడ వెనక నిలబడి చూసింది. రేపు భోజనం క్యారేజీ తనే తెస్తుందట, పై కప్పు దాకా లిఫ్టు వెళుతుందా అని అడిగింది.